పాత కారు పార్టుకు ఆన్‌లైన్ వేలం.. ఎంతకు పాడాలి? ఎప్పుడు పాడాలి? ఎక్కడ ఆగాలి?

ఇంటి ముందు ఒక పాత అంబాసిడర్. తాత కొన్న బండి. ఇంజిన్ ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది.. కానీ స్పీడోమీటర్ ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగినా ‘ఆ పాత మోడల్‌ది ఇప్పుడు దొరకదు సార్’ అనే మాటే. అదే రాత్రి ఫోన్‌లో వెతికితే.. ఇంగ్లండ్‌లో ఎవరో తన షెడ్డులోంచి తీసి వేలానికి పెట్టిన అచ్చం అలాంటి స్పీడోమీటర్ కనిపిస్తుంది. ప్రస్తుత ధర 12 పౌండ్లే. ఇంకా రెండు రోజుల టైమ్ ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది ఆగలేరు. వెంటనే 15 పౌండ్లు కొడతారు. అవతల ఎవరో 18 అంటారు. వీళ్లు 20 అంటారు. రెండు రోజులు గడిచేసరికి ధర 90 దగ్గర ఉంటుంది. ‘ఇంతదాకా వచ్చాక వదిలేస్తామా’ అని 110 కొట్టి గెలుస్తారు. ఆ తర్వాత పోస్టేజీ, కస్టమ్స్, బ్యాంకు ఛార్జీలు వచ్చి పడతాయి. పార్శిల్ విప్పాక తెలుస్తుంది.. అది వేరే మోడల్‌ది, తమ డ్యాష్‌బోర్డులో పట్టదు అని.

పాత కారు పార్టుల వేలంలో ఓడిపోతే జేబులోంచి రూపాయి కూడా పోదు. డబ్బు పోయేది గెలిచినప్పుడే. అందుకే ఎంతకు గెలవాలి, ఏది గెలవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అదెలాగో ఇప్పుడు చూద్దాం.

ఒరిజినల్ పార్టుకు అంత గిరాకీ ఎందుకు?

అంబాసిడర్ తయారీ 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకంటే ముందే పోయింది. స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి చెప్పక్కర్లేదు. కొత్త పార్టులు రావు కాబట్టి ఉన్నవాటికే పోటీ.

దీనికి తోడు 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలకు నంబర్ ప్లేటుపై ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సిరీస్ ఇస్తున్నారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే ఏదో ఒక పార్టు తగిలించి నడిపిస్తే సరిపోదు. సరైన పార్టే కావాలి. ఆ వెతుకులాటే చాలామందిని ఆన్‌లైన్ వేలం దాకా తీసుకొస్తోంది.

బాలాపూర్ లడ్డూ వేలం వేరు.. ఈబే వేలం వేరు

వేలం అనగానే మనకు గుర్తొచ్చేది బాలాపూర్ గణేశ్ లడ్డూ. 1994లో 450 రూపాయలకు మొదలైన ఆ పాట 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ అందరి ముందు నిలబడి పాడతారు. పాట పెరిగేకొద్దీ పరువు కూడా పెరుగుతుంది. ఎక్కువకు పాడినవాళ్లను చూసి జనం చప్పట్లు కొడతారు.

కారు పార్టుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. పైగా ఈబేలాంటి సైట్లలో పాట నడిచే పద్ధతే వేరు. దీన్ని ప్రాక్సీ బిడ్డింగ్ అంటారు. అంటే మీ తరఫున సిస్టమే పాడుతుంది. మీరు ‘నా గరిష్ఠ ధర ఇది’ అని ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఎవరికీ కనిపించదు. ఎదుటివాళ్ల కంటే ఒక్క మెట్టు పైన ఉండేంత వరకే సిస్టమ్ మీ పాటను పెంచుతుంది.

ఉదాహరణకు మీ గరిష్ఠ ధర 90 డాలర్లు. మీ తర్వాత అత్యధికంగా పాడినవాళ్ల గరిష్ఠం 60 డాలర్లు. మీరు కట్టేది 90 కాదు. ఆ స్థాయిలో ఒక మెట్టు ఒక డాలర్ కాబట్టి 61 డాలర్లు. ధర పెరిగేకొద్దీ మెట్టు కూడా పెరుగుతుంది. 100 డాలర్లు దాటితే రెండున్నర డాలర్లు, 500 దాటితే 10 డాలర్లు.

ఈ పద్ధతి వెనక పెద్ద సిద్ధాంతమే ఉంది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే దీన్ని వివరించారు. గెలిచినవాళ్లు రెండో అత్యధిక ధరే కడతారంటే, ఎవరైనా సరే తమకు ఆ వస్తువు ఎంత విలువో అంతే నిజాయితీగా చెప్పడం మంచిదని ఆయన చూపించారు. తక్కువ చెబితే మంచి బేరం చేజారుతుంది. ఎక్కువ చెబితే నష్టానికి గెలవాల్సి వస్తుంది. ఈ తరహా పరిశోధనలకు 1996లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

దీన్నిబట్టి మొదటి సూత్రం ఒకటే. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం దండగ. ఒక్కసారే.. మీ అసలు గరిష్ఠ ధర.

ఆ గరిష్ఠ ధర ఎంత? లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి

చాలామంది స్క్రీన్ మీద కనిపించే ధర చూసి లెక్కేస్తారు. కానీ పార్టు ఇంటికొచ్చేసరికి అసలు కంటే కొసరే ఎక్కువ అవుతుంది. అందుకే లెక్కను తిరగేసి వేయాలి.

ఉదాహరణకు ఒక స్పీడోమీటర్ మన గుమ్మంలోకి వచ్చి, బండికి బిగించేసరికి 20,000 రూపాయలకు మించకూడదు అనుకుందాం. అందులోంచి ఒక్కొక్కటే తీసేయాలి. పోస్టేజీకి 4,000. కస్టమ్స్, కొరియర్ ఛార్జీలకు 5,000. బ్యాంకు వేసే విదేశీ మారక ఛార్జీకి 500. సర్వీసు చేయించడానికి 1,500. మొత్తం 11,000 పోతే మిగిలేది 9,000. పౌండు 115 రూపాయలు అనుకుంటే 78 పౌండ్ల 26 పెన్నీలు. మీ బిడ్ అదే. 79 కాదు, 80 అంతకన్నా కాదు.

ఆ చివరి 26 పెన్నీలకూ ఒక విలువ ఉంది. ఇద్దరు ఒకే గరిష్ఠ ధర చెబితే ఈబేలో ముందు చెప్పినవాళ్లే గెలుస్తారు. చాలామంది 75, 80, 100 లాంటి గుండు అంకెలే కొడతారు. కాస్త పైన చిల్లర కలిపితే ఆ టై తప్పుతుంది.

మరి మన గుమ్మంలో ఆ పార్టు విలువ ఎంతో తెలిసేదెలా? దానికి ఈబేలోనే ‘సోల్డ్ ఐటమ్స్’ అనే ఫిల్టర్ ఉంది. అది నొక్కితే అలాంటి పార్టులు ఈ మధ్య నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో కనిపిస్తుంది. అమ్మకానికి పెట్టిన ధర అడిగినవాళ్ల ఆశ మాత్రమే. అమ్ముడైన ధర చూస్తేనే మార్కెట్ తెలుస్తుంది. కనీసం నాలుగైదు అమ్మకాలు చూసి, అన్నిటికంటే ఎక్కువ పలికినదాన్ని పక్కన పెట్టి మిగతావాటి మీద అంచనా వేసుకోవడం మంచిది. ఆ ఒక్కటీ బహుశా ఇద్దరు పంతానికి పోయి పెంచిన ధర అయ్యుంటుంది.

ఎప్పుడు పాడాలి? చివరి సెకన్ల ఆట

ఈబేలో వేలం ముగిసే టైమ్ ఫిక్స్. అది ఒక్క సెకను కూడా జరగదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చివరి పది సెకన్లలో బిడ్ వేస్తారు. దీన్నే స్నైపింగ్ అంటారు. ఎదుటివాళ్లకు ఆలోచించి మళ్లీ పెంచే టైమ్ ఉండదు.

సిస్టమే పాడుతున్నప్పుడు ముందు వేసినా, చివర్లో వేసినా ఒకటే కదా అన్న డౌట్ రావచ్చు. అందరూ తమ గరిష్ఠ ధర ఒక్కసారే చెబితే నిజంగానే తేడా ఉండదు. కానీ అందరూ అలా చేయరు. ఎవరో తమను దాటారని మెసేజ్ రాగానే రోషం వచ్చి మళ్లీ పెంచేవాళ్లే ఎక్కువ. చివర్లో వేస్తే వాళ్లకు ఆ అవకాశం ఉండదు.

ఇంకో కారణం మరింత ముఖ్యం. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబే వేలాలను, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలను పోల్చి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెజాన్‌లో చివర్లో ఎవరైనా బిడ్ వేస్తే టైమ్ పది నిమిషాలు పెరిగేది. ఈబేలో పెరగదు. ఆఖరి నిమిషం బిడ్లు ఈబేలోనే చాలా ఎక్కువని వాళ్లు గమనించారు. అందులోనూ కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల వేలాల్లో ఇది ఎక్కువ. ఎందుకంటే పురాతన వస్తువు అసలుదో కాదో తెలిసినవాళ్లు ముందే పాడితే, ‘ఓహో, ఇది అసలుదే అన్నమాట’ అని మిగతావాళ్లకు చెప్పినట్టే.

పాత కారు పార్టులకూ ఇదే వర్తిస్తుంది. మసి పట్టిన ఒక కార్బురేటర్ ఫొటోలో ఉంది. దాని విలువ తెలిసినవాళ్లు ఒక్కరే. ఆ ఒక్కరు ముందే బిడ్ వేస్తే పదిమంది కళ్లు దాని మీద పడతాయి. అందుకే నచ్చిన పార్టును వాచ్‌లిస్టులో పెట్టుకుని చివరిదాకా నోరు మెదపకుండా ఉండటమే మేలు.

అయితే అన్ని సైట్లలో ఈ ఎత్తు పారదు. ఉదాహరణకు క్లాసిక్ కార్లతో పాటు చక్రాలు, ఇంజిన్ల లాంటివి కూడా వేలం వేసే ‘బ్రింగ్ ఎ ట్రైలర్’ సైట్‌లో చివరి రెండు నిమిషాల్లో బిడ్ పడితే టైమ్ మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. అక్కడ చివరి సెకను బిడ్‌తో లాభం లేదు. ముందే రాసుకున్న అంకె దాటగానే ఫోన్ పక్కన పెట్టేయడమే అక్కడ స్ట్రాటజీ. పాడే ముందు ఆ సైట్ ముగింపు రూల్ ఏంటో, కొన్నవాళ్ల దగ్గర విడిగా ఫీజు తీసుకుంటారో లేదో తప్పక చూసుకోవాలి.

ఇక టైమ్ తేడా సంగతి. ఇంగ్లండ్‌లో ఆదివారం రాత్రి 8 గంటలకు ముగిసే వేలం మనకు వేసవిలో రాత్రి 12.30, చలికాలంలో 1.30 అవుతుంది. నిద్రమత్తులో కొట్టే బిడ్లే ఎక్కువ నష్టం తెస్తాయి. మేలుకోలేకపోతే పడుకునే ముందు గరిష్ఠ ధర ఒక్కసారి వేసి ఫోన్ ఆఫ్ చేయడం మంచిది. పొద్దున లేచాక గెలిస్తే గెలిచినట్టు, లేదంటే లేదు.

పేరు మార్చి వెతికితే ధర తగ్గుతుంది

‘అంబాసిడర్ పార్ట్స్’ అని వెతికితే దొరికేవి కొన్నే. కానీ అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ పేరుతో వెతికితే ఇంకో లోకమే తెరుచుకుంటుంది. దానిలోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బీఎంసీ ‘బీ సిరీస్’ కుటుంబానికి చెందినది. అదే కుటుంబం ఇంజిన్లు ఎంజీ స్పోర్ట్స్ కార్లలోనూ ఉన్నాయి. కాబట్టి కొన్ని ఇంజిన్ పార్టులు ఆ పేరుతో కూడా దొరుకుతాయి.

అలాగే ప్రీమియర్ పద్మినికి మూలం ఇటలీ ఫియట్ 1100 డి. స్టాండర్డ్ హెరాల్డ్‌కు ట్రయంఫ్ హెరాల్డ్. హిందుస్థాన్ కాంటెస్సాకు బ్రిటన్ వాక్స్‌హాల్ విక్టర్. మన బండి అసలు చుట్టం ఎవరో తెలుసుకోవడం సగం పని.

మిగతా సగం.. తప్పుగా రాసిన టైటిళ్లు. అమ్మేవాళ్లలో చాలామంది తాతల షెడ్డు ఖాళీ చేస్తున్న మనవళ్లే. వాళ్లకు పార్టు పేరు తెలియదు. స్పెల్లింగ్ తప్పుతుంది. ‘పాత కారు గేజ్’, ‘గ్యారేజీ సామాను డబ్బా’ అని పెట్టేస్తారు. పేరు తప్పుగా ఉంటే వెతికేవాళ్లకు కనిపించదు, పోటీ ఉండదు. అందుకే కంపెనీ పేరులో ఒక అక్షరం తీసేసి, రెండక్షరాలు తారుమారు చేసి వెతకడం పాత ఎత్తే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది. డబ్బా మొత్తం ఒకే వేలంలో పెట్టినప్పుడు ఫొటోను పెద్దది చేసి మూలమూలా చూడాలి. కావలసిన ముక్క అడుగున ఉండొచ్చు.

ఇలా వెతికిన పదాలను సేవ్ చేసుకుంటే కొత్త పార్టు పెట్టగానే ఫోన్‌కు అలర్ట్ వస్తుంది. ‘బై ఇట్ నౌ’ కింద తక్కువ ధరకు పెట్టినవి వేలం దాకా రాకుండానే అమ్ముడైపోతాయి. వాటికి ఈ అలర్టే ఆధారం.

ఫొటో కాదు.. నంబర్ చదవాలి

చూడటానికి ఒకేలా ఉన్న రెండు పార్టులు ఒకటే కావు. పాత పార్టుల మీద నంబర్ ఉంటుంది. అదే దాని ఆధార్ కార్డు.

అమెరికా ఫోర్డ్ కార్లనే తీసుకుందాం. ‘సీ5జెడ్‌జెడ్’ అని మొదలయ్యే పార్టు నంబర్‌లో ‘సీ’ అంటే 1960ల దశకం, ‘5’ అంటే అందులో ఐదో ఏడు.. అంటే 1965. తర్వాతి ‘జెడ్’ ముస్టాంగ్ మోడల్‌ను సూచిస్తుంది. మొదటి అక్షరం ‘డీ’ అయితే 1970ల దశకం. అమ్మేవాళ్లు ‘1965 ముస్టాంగ్‌ది’ అని రాసి, ఫొటోలో నంబర్ ‘డీ’తో మొదలైతే డిజైన్ కనీసం ఐదేళ్లు తేడా కొట్టినట్టే. బ్రిటిష్ కార్లలో వాడిన లూకస్ కంపెనీ ఎలక్ట్రికల్ పార్టుల్లో చాలావాటి మీద మోడల్ నంబర్‌తో పాటు తయారైన కాలం కూడా ముద్రించి ఉంటుంది.

ఫొటోలో నంబర్ కనిపించకపోతే అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి అడగాలి. నంబర్ దగ్గర నుంచి తీసిన ఫొటో, వెనక వైపు ఫొటో, కొలతలు. వేలం ముగిసే రోజు కాదు, రెండు మూడు రోజుల ముందే అడగాలి. సమాధానం ఇవ్వని అమ్మకందారు దగ్గర పాడకపోవడమే మంచిది.

నంబర్ సరిపోయినా మనవాళ్లు బోల్తాపడే చోట్లు మరో మూడు ఉన్నాయి.

మొదటిది స్టీరింగ్ వైపు. మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు. అమెరికా, ఇటలీ బండ్లకు ఎడమవైపు. ఇటలీ నుంచి ఫియట్ 1100 పిస్టన్ తెప్పిస్తే ఇబ్బంది లేకపోవచ్చు. కానీ వైపర్ లింకేజీ, స్టీరింగ్ బాక్స్, డ్యాష్‌బోర్డు తెప్పిస్తే అవి మనకు అద్దంలో బొమ్మలే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మనలాగే కుడివైపు కాబట్టి ఇలాంటి పార్టులకు అక్కడ వెతకాలి.

రెండోది కరెంటు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉండేది. అలాంటి కారు ఎలక్ట్రానిక్ టాకోమీటర్‌నో, రేడియోనో నెగెటివ్ ఎర్త్ బండికి తగిలిస్తే కాలిపోవచ్చు. వోల్టేజీ కూడా అంతే. అమెరికా మార్కెట్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1967 మోడల్ నుంచే 12 వోల్టులకు మారింది. అంతకుముందువి 6 వోల్టులు.

మూడోది కొలమానం. బ్రిటన్ స్పీడోమీటర్లు మైళ్లలో ఉంటాయి. మన బండిలో ఉన్నది మైళ్లదో కిలోమీటర్లదో చూసుకుని పాడాలి.

ఈ మాటలు కనిపిస్తే ఆగి చదవాలి

అమ్మేవాళ్ల వివరణలో ఒక్కో మాటకు ఒక్కో ధర. ‘న్యూ ఓల్డ్ స్టాక్’ అంటే అప్పట్లో తయారై, ఇప్పటిదాకా వాడకుండా ఉన్న సరుకు. అన్నిటికంటే ఖరీదైనది ఇదే. కంపెనీ డబ్బా, లేబుల్, బిగించిన గుర్తులు లేని బోల్టు రంధ్రాలు చూస్తే నిజమో కాదో తెలుస్తుంది.

‘రీప్రొడక్షన్’ అంటే ఇప్పుడు కొత్తగా చేసిన నకలు. తప్పేమీ లేదు, కానీ ఆ ధరే పెట్టాలి. ‘లూకస్ టైప్’, ‘లూకస్ స్టైల్’ అని ఉంటే అది లూకస్ కాదని వాళ్లే చెప్పినట్టు. ‘వర్కింగ్ వెన్ రిమూవ్డ్’ అంటే తీసినప్పుడు పనిచేసింది, ఇప్పటి సంగతి తెలియదు అని. ‘ఫర్ పార్ట్స్ ఆర్ నాట్ వర్కింగ్’ అంటే పాడైపోయిందనే అనుకుని ధర కట్టాలి. ‘రిజర్వ్’ అని ఉంటే అమ్మేవాళ్లు మనసులో ఒక కనీస ధర పెట్టుకున్నారు. అది దాటకపోతే వాళ్లు అమ్మక్కర్లేదు.

వేలంలో కొనకూడనివి కూడా ఉన్నాయి

పాత డబ్బాలో కొత్తగా మెరుస్తున్నంత మాత్రాన అన్నీ కొనేయకూడదు. రబ్బరుకు వయసు వస్తుంది. 50 ఏళ్లు షెల్ఫులో ఉన్న బ్రేక్ హోస్, వీల్ సిలిండర్ సీల్స్, పాత టైర్లు చూడటానికి బాగున్నా నమ్మకూడదు. బ్రేక్ విషయంలో ఒరిజినల్ అన్న మోజు ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్యూయల్ పైపులూ అంతే. ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరుకు అది పడదు. ఇవి కొత్తవే కొనాలి.

పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది కూడా. పాత స్టాక్ బ్రేక్ షూలు చవగ్గా కనిపించినా వదిలేయడమే.

గేజ్‌లు, లైట్ల అద్దాలు, బ్యాడ్జీలు, డోర్ హ్యాండిళ్లు, హార్న్ బటన్లు, క్రోమ్ రింగులు.. ఇలా ఇప్పుడు ఎవరూ తయారు చేయనివి, పాడైనా రిపేరు చేయించుకోగలిగినవి. వేలంలో డబ్బు పెట్టాల్సింది వీటికే.

పాట పెంచేది ఎవరు? దొంగ బిడ్ల సంగతి

అమ్మేవాళ్లే వేరే అకౌంట్‌తోనో, స్నేహితులతోనో తమ వస్తువు మీద పాట పెంచడాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు. ఈబే రూల్స్ ప్రకారం ఇది నిషేధం. బ్రిటన్‌లో 2010లో ఇలా తన వస్తువులపై తనే పాడుకున్న ఒక అమ్మకందారుకు కోర్టు జరిమానాతో పాటు సమాజ సేవ శిక్ష కూడా వేసింది.

దీన్ని పసిగట్టాలంటే బిడ్ హిస్టరీ తెరవాలి. పేర్లు పూర్తిగా కనిపించవు కానీ ఆ వ్యక్తి ఇటీవల వేసిన బిడ్లలో ఎంత శాతం ఇదే అమ్మకందారు వస్తువుల మీద ఉన్నాయో కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ దాదాపు సున్నా, బిడ్లన్నీ ఒకే అమ్మకందారు దగ్గర, ప్రతిసారీ చివరి దాకా పెంచి ఆగిపోవడం.. ఈ మూడూ కలిస్తే అనుమానించాలి. ఇక్కడ కూడా చివర్లో ఒకే బిడ్ వేసేవాళ్లే సేఫ్. వాళ్ల గరిష్ఠ ధర ఎంతో తడిమి చూసే టైమ్ దొంగ బిడ్డర్‌కు దొరకదు.

ఓడిపోయిన రెండు రోజులకు ‘గెలిచినవాళ్లు తప్పుకున్నారు, మీకే ఇస్తాం’ అని మెసేజ్ రావచ్చు. దీన్ని సెకండ్ ఛాన్స్ ఆఫర్ అంటారు. నిజమైనది సైట్‌లోని మీ అకౌంట్ మెసేజ్‌ల్లోనే కనిపిస్తుంది. మామూలు ఈమెయిల్‌కో, వాట్సాప్‌కో వచ్చి ‘డబ్బు నేరుగా బ్యాంకుకు పంపండి’ అంటే అది మోసమే. సైట్ బయట డబ్బు పంపితే కొనుగోలుదారు రక్షణ ఏదీ వర్తించదు. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

ఇండియాకు తెప్పించుకోవాలంటే..

ఈబే ఇండియా సైట్ 2018లో మూతపడింది. అయినా విదేశీ అమ్మకందారులు చాలామంది ఇక్కడికి పంపుతారు. పాడే ముందే ‘ఇండియాకు షిప్పింగ్ ఉందా’ అన్నది చూడాలి. ‘లోకల్ పికప్ ఓన్లీ’ అని ఉంటే గెలిచినా లాభం లేదు.

కస్టమ్స్ సుంకం పార్టు ధర మీద మాత్రమే కాదు. రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద వేస్తారు. దానిపైన ఐజీఎస్టీ. అందుకే బరువైన పార్టుకు పోస్టేజీ పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది. కొరియర్ సంస్థ గుర్తింపు పత్రాలు అడుగుతుంది. అవి ఇవ్వడం ఆలస్యమైతే పార్శిల్ గోడౌన్‌లోనే ఉండిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మన విదేశీ వాణిజ్య విధానంలో వాడేసిన వస్తువుల దిగుమతిపై ఆంక్షలున్నాయి. యంత్ర పరికరాలు కాని సెకండ్ హ్యాండ్ వస్తువులకు అనుమతి పత్రం కావాలి. అంటే వాడిన పార్టు కస్టమ్స్‌లో ఆగే ప్రమాదం ఉంది. పెద్ద మొత్తం పెట్టే ముందు కస్టమ్స్ బ్రోకర్‌నో, కొరియర్ సంస్థనో అడిగి తేల్చుకోవాలి. వాడని ‘న్యూ ఓల్డ్ స్టాక్’ కాస్త ఖరీదైనా మన అడ్రస్‌కు అదే సురక్షితం.

చాలా తెలుగు కుటుంబాల్లో దీనికి ఒక షార్ట్‌కట్ ఉంటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి తెప్పించి, అతను వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెమ్మనడం. దీనికీ బ్యాగేజీ రూల్స్ వర్తిస్తాయి. పైగా ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ మొదట చేరిన అడ్రస్ వరకే. అక్కడి నుంచి మరో చోటికి పంపేస్తే రక్షణ పోతుంది. వివరణకు భిన్నమైన పార్టు వస్తే 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. తమ్ముడు ఆరు నెలల తర్వాత తెస్తే గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి పార్శిల్ చేరిన రోజే అక్కడే విప్పించి, వీడియో కాల్‌లో నంబర్ చూడటం తప్పనిసరి.

ఇంకో చిన్న విషయం. 2020 నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మొదట ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. అర్ధరాత్రి గెలిచి, డబ్బు కట్టలేక ఇబ్బంది పడకూడదు కదా.

ఓడిపోతే ఏం చేయాలి?

ఏమీ చేయక్కర్లేదు. మీ లెక్క కంటే ఎక్కువ పెట్టినవాళ్లు గెలిచారు. అంతే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాంటి కార్లు అప్పట్లో వేలకొద్దీ తయారయ్యాయి. ఇంకో షెడ్డు ఖాళీ అవుతుంది, ఇంకో డబ్బా వేలానికి వస్తుంది. ఈరోజు పోటీ పడిన ఇద్దరిలో ఒకరికి పార్టు దొరికేసింది కాబట్టి తర్వాతి వేలంలో ఆ ఒక్క పోటీదారు ఉండరు. రెండోసారి అదే పార్టు తక్కువకు పోయే అవకాశం కూడా ఉంది.

‘ఇది మళ్లీ దొరకదేమో’ అన్న భయమే వేలంలో పాట పెంచుతుంది. ఆ భయం వచ్చినప్పుడు సోల్డ్ ఐటమ్స్ మళ్లీ ఒకసారి చూస్తే చాలు. గత మూడు నెలల్లో అదే పార్టు రెండుసార్లు అమ్ముడైందని తెలిస్తే వేలు బటన్ మీద నుంచి దానంతటదే వెనక్కి వస్తుంది.

బిడ్ నొక్కే ముందు ఈ ఆరూ చూసుకోండి

1. పార్టు నంబర్ ఫొటోలో కనిపించిందా? మీ బండి పార్టుతో సరిపోయిందా?

2. స్టీరింగ్ వైపు, వోల్టేజీ, ఎర్త్, మైళ్లు-కిలోమీటర్లు చూశారా?

3. అమ్ముడైన పాత ధరలు కనీసం నాలుగు చూశారా?

4. పోస్టేజీ, కస్టమ్స్, బ్యాంకు ఛార్జీ, రిపేరు ఖర్చు తీసేసి గరిష్ఠ ధర కాగితం మీద రాశారా?

5. ఆ సైట్‌లో వేలం కచ్చితమైన టైమ్‌కు ముగుస్తుందా, చివర్లో పొడిగిస్తారా?

6. వాడిన పార్టా, వాడనిదా? మీ అడ్రస్‌కు రావడానికి అడ్డంకులేమైనా ఉన్నాయా?

ఆరింటికీ సమాధానం ఉంటే కాగితం మీద రాసిన అంకె ఒక్కసారి కొట్టండి. ఆ తర్వాత ఎవరు పెంచినా ఆ అంకె మాత్రం మారకూడదు. తాత బండి ఇన్నేళ్లు ఆగింది. సరైన ధరకు సరైన స్పీడోమీటర్ దొరికేదాకా ఇంకో రెండు నెలలు ఆగలేదా?